లెక్క చవక, రవాణా ఖరీదు: చిప్పుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఒకప్పుడు కంప్యూటరంటే ఒక ప్రాసెసరు, దాని పక్కన మెమరీ. ఇప్పుడు అదే చిప్పులో పెద్ద కోర్లు (సూచనలు నడిపే యూనిట్లు), చిన్న కోర్లు, జీపీయూ (చిత్రాలకూ ఒకేసారి చేసే భారీ లెక్కలకూ), ఎన్‌పీయూ (న్యూరల్ నెట్‌వర్కుల లెక్కలకు), వీడియో విభాగం అన్నీ ఒకే కప్పు కింద ఉంటున్నాయి. ఏ పని దేనికి అప్పగించాలి, అప్పగించాక ఎందుకు బెడిసికొడుతోంది? ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా దీని చుట్టూనే తిరిగాయి.

ప్రశ్న: 2004లోనే ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జ్ అందుకుంది. ఇన్నేళ్లయినా అయిదారు దగ్గరే ఎందుకు తచ్చాడుతోంది? పెరుగుతున్న ట్రాన్సిస్టర్లన్నీ ఎటు పోతున్నాయి?

జవాబు: వోల్టేజి తగ్గడం ఆగిపోయింది. అసలు కారణం అదే. చిప్పు తాగే కరెంటు కెపాసిటెన్సు (ఛార్జి పట్టే గుణం), వోల్టేజి వర్గం, ఫ్రీక్వెన్సీ ఈ మూడింటి లబ్ధం. 1974లో రాబర్ట్ డెన్నార్డ్ బృందం చెప్పిన సూత్రం ప్రకారం ట్రాన్సిస్టరు కొలతలను 0.7 వంతుకు కుదిస్తే కెపాసిటెన్సూ 0.7 వంతవుతుంది, వోల్టేజీ 0.7 వంతుకు దించవచ్చు, ఫ్రీక్వెన్సీని 1.4 రెట్లు చేయవచ్చు. హెచ్చించి చూడండి: 0.7 × 0.49 × 1.4 అంటే దాదాపు 0.48. ఒక్కో ట్రాన్సిస్టరు కరెంటు ఖర్చు సగమైంది, అదే జాగాలో రెట్టింపు ట్రాన్సిస్టర్లు పట్టాయి. మొత్తం వేడి ఉన్నంతే ఉంది, వేగం మాత్రం పెరిగింది. ముప్ఫై ఏళ్లు పరిశ్రమ ఈ వరం మీదే నడిచింది.

2005 ప్రాంతంలో ఆ దారి మూసుకుపోయింది. సరఫరా వోల్టేజి దించాలంటే ట్రాన్సిస్టరు ఆన్ అయ్యే హద్దు వోల్టేజినీ దించాలి. గది ఉష్ణోగ్రతలో ఆ హద్దును 60 మిల్లీవోల్టులు దించితే, ఎంత మంచి మామూలు ట్రాన్సిస్టరైనా ఆఫ్‌లో ఉన్నప్పుడు కారే కరెంటు పదింతలవుతుంది. ఇది భౌతికశాస్త్రం గీసిన గీత, ఫ్యాక్టరీ నైపుణ్యంతో చెరిగేది కాదు. దాంతో వోల్టేజి ఒక వోల్టు చుట్టుపక్కలే ఉండిపోయింది.

ట్రాన్సిస్టర్లు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. అన్నింటినీ ఒకేసారి పూర్తి వేగంతో నడిపితే చిప్పు వేడికి తట్టుకోదు కాబట్టి కొంత భాగాన్ని ఎప్పుడూ ఆపి ఉంచాలి. దీన్నే ‘డార్క్ సిలికాన్’ అంటున్నారు. ఎలాగూ ఆపి ఉంచాల్సిన జాగాలో మరో మామూలు కోరు పెట్టి ఏం లాభం? ఒక్క పనినే అతి తక్కువ శక్తితో చేసే విభాగాన్ని పెట్టి, ఆ పని వచ్చినప్పుడే నిద్ర లేపితే మేలు. మీ ఫోనులో కెమెరాకూ వీడియోకూ న్యూరల్ లెక్కలకూ విడివిడి విభాగాలు ఉండడం వెనుక ఉన్న హేతువు ఇదే.

ప్రశ్న: అవే ట్రాన్సిస్టర్లతో చేసిన ప్రత్యేక చిప్పు అన్ని రెట్లు తక్కువ శక్తితో ఎలా పని చేస్తుంది? అందులో కొత్తగా ఏముంది?

జవాబు: కొత్తగా చేర్చినదానికన్నా తీసేసినదే ఎక్కువ. 2014లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హొరోవిట్జ్ 45 నానోమీటర్ల చిప్పుకు కొన్ని అంచనాలు ఇచ్చారు. 32 బిట్ల పూర్ణాంకాల కూడికకు 0.1 పీకోజౌల్ (జౌల్‌లో లక్ష కోట్లో వంతు ఒక పీకోజౌల్). కానీ ఆ కూడికను ఒక సూచనగా (ఇన్‌స్ట్రక్షన్) తెచ్చుకుని, విడమరిచి, రిజిస్టర్లు చదివి, ఫలితం రాసేసరికి మామూలు ప్రాసెసర్లో అయ్యే ఖర్చు దాదాపు 70 పీకోజౌళ్లు. అంటే అసలు పని ఏడువందల్లో ఒక వంతు, మిగతాదంతా ఏర్పాట్ల ఖర్చే. బయటి డీర్యామ్ (ప్రధాన మెమరీ) నుంచి 64 బిట్లు తెచ్చుకోవాలంటే 1,300 నుంచి 2,600 పీకోజౌళ్లు. ఫ్యాక్టరీ తరం మారితే ఈ అంకెలు మారతాయిగానీ నిష్పత్తుల కథ మారలేదు. కూడికా గుణకారం చవక. వాటి కోసం సరుకును మోయడమే తడిసి మోపెడవుతుంది.

న్యూరల్ నెట్‌వర్కుల కోసమే గూగుల్ చేసుకున్న చిప్పు, మొదటి టీపీయూను దగ్గర నుంచి చూడండి. 2015 నుంచి వాళ్ల డేటా కేంద్రాల్లో పనిచేసింది, వివరాలు 2017లో వెలువడ్డాయి. అందులో 256 వరుసలు, 256 నిలువు గళ్లు. మొత్తం 65,536 గుణించి కూడే యూనిట్లు, అన్నీ 8 బిట్లవే. బరువులను (నెట్‌వర్కు నేర్చుకున్న అంకెలను) ముందే గళ్లలో కూర్చోబెడతారు. లోపలికొచ్చిన అంకె ఒక గడి నుంచి పక్క గడికి జరుగుతూ 256 చోట్ల వాడకంలోకి వస్తుంది, మెమరీ నుంచి చదివింది మాత్రం ఒక్కసారే. పాక్షిక మొత్తాలు మధ్యలో ఎక్కడా మెమరీలో దిగకుండా నేరుగా కిందికి జారిపోతాయి. ఒక్క సూచన మీద వేల కొద్దీ లెక్కలు నడుస్తాయి కాబట్టి ఆ 70 పీకోజౌళ్ల భారం వాటన్నిటికీ పంచుకుపోతుంది. పైగా 32 బిట్ల దశాంశ (ఫ్లోటింగ్ పాయింట్) గుణకారానికి 3.7 పీకోజౌళ్లయితే 8 బిట్ల పూర్ణాంక గుణకారానికి 0.2 చాలు.

ఇదే చిప్పులో ఒక పాఠమూ ఉంది. 700 మెగాహెర్ట్జ్ వేగంతో సెకనుకు 92 లక్షల కోట్ల లెక్కల సత్తా ఉన్నా, బరువులను అందించే మెమరీ సెకనుకు 34 జీబీ మాత్రమే ఇచ్చేది. చదివిన ప్రతి బైటునూ సుమారు 1,350 సార్లు వాడుకుంటేనే గళ్లన్నీ నిండుతాయి. చిత్రాలను గుర్తించే కాన్వల్యూషన్ నెట్‌వర్కులు ఆ మాత్రం వాడుకోగలిగాయి. బరువులను ఎక్కువగా తెచ్చి తక్కువగా వాడే నెట్‌వర్కులు మెమరీ దగ్గరే చిక్కుపడ్డాయి.

ప్రశ్న: రెండు పెద్ద వరుసల అంకెలను కూడే ప్రోగ్రామును జీపీయూకి మార్చాను. వేగం పెరగకపోగా తగ్గింది. కోడులో తప్పేమీ కనిపించడం లేదు.

జవాబు: కోడులో తప్పు లేదు. ఆ పని జీపీయూకి పంపదగినది కాదు, అంతే. కాగితం మీద లెక్క వేద్దాం.

ఒక్కో వరుసలో 10 కోట్ల అంకెలు, ఒక్కోటి 4 బైట్లు అనుకుందాం. వరుసకు 400 ఎంబీ. జీపీయూ కార్డుకు రెండు వరుసలు పంపాలి, ఒకటి వెనక్కి తెచ్చుకోవాలి: 1,200 ఎంబీ. కార్డును కలిపే నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్, 16 లేన్ల దారిలో చేతికందే వేగం సెకనుకు 25 జీబీ అనుకుంటే ఇది 48 మిల్లీసెకన్లు. కార్డు సొంత మెమరీ సెకనుకు 1,000 జీబీ ఇస్తే అక్కడ కూడిక 1.2 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఇక సీపీయూ సొంతంగా చేస్తే? రెండు చానళ్ల మెమరీ నుంచి నికరంగా సెకనుకు 50 జీబీ వస్తే 24 మిల్లీసెకన్లు. రాయబోయే కాష్ లైనును (లోపలి చిన్న మెమరీ అయిన కాష్‌లోకి ఒక్కసారిగా కదిలే ముక్కను) ముందు చదివే అలవాటు ప్రాసెసరుకు ఉంది కాబట్టి 32 అనుకోండి. ఎటు చూసినా సీపీయూదే గెలుపు. కార్డులో లెక్క కంటిరెప్పపాటు, ప్రయాణం నలభై రెట్లు.

ఇప్పుడు 8,192 × 8,192 మాత్రికల గుణకారం తీసుకోండి. సరుకు 805 ఎంబీ, అంటే 32 మిల్లీసెకన్ల ప్రయాణం. లెక్కలు మాత్రం 1.1 లక్షల కోట్లు. సెకనుకు అర లక్ష కోట్ల లెక్కలు చేసే సీపీయూకి 2.2 సెకన్లు పడుతుంది. 20 లక్షల కోట్లు చేసే కార్డుకి 55 మిల్లీసెకన్లు, ప్రయాణంతో కలిపి 87. పాతిక రెట్ల లాభం. తేడా ఎక్కడుంది? మొదటి పనిలో 12 బైట్లకు ఒక లెక్క, రెండోదాంట్లో బైటుకు 1,300కు పైగా లెక్కలు. ఏ పనినైనా యాక్సిలరేటరుకు (జీపీయూ లాంటి ప్రత్యేక చిప్పుకు) పంపేముందు ఈ ఒక్క నిష్పత్తి కట్టి చూడండి. అయిదు నిమిషాల పని, వారాల శ్రమ మిగులుతుంది.

మీ కూడిక పెద్ద ప్రోగ్రాములో ఒక మెట్టు అయితే దారి ఉంది. సరుకును కార్డు మీదే ఉంచి తర్వాతి మెట్లన్నీ అక్కడే చేయించండి, చివరి ఫలితాన్నే వెనక్కి తెచ్చుకోండి. ప్రతి మెట్టుకూ ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిప్పడమే అసలు జబ్బు. కాపీ చేసే బఫర్లను పిన్ చేసిన (చోటు మారకుండా కట్టేసిన) మెమరీలో కేటాయించండి. మామూలు మెమరీ అయితే డ్రైవరు దాన్ని ముందు తన సొంత బఫరులోకి మార్చుకుని తర్వాతే పంపుతుంది. అంటే ఒక కాపీ అదనం, పైగా ఆ కాపీ జరుగుతుండగానే లెక్కా నడిపించుకునే వీలు పోతుంది. కానీ పిన్ చేసిన మెమరీని ఆపరేటింగ్ సిస్టం డిస్కుకు మార్చలేదు, మితిమీరి తీసుకుంటే మొత్తం యంత్రమే మందగిస్తుంది. చిన్న చిన్న కెర్నళ్లు (కార్డు మీద నడిచే ఫంక్షన్లు) వేలకొద్దీ ఉంటే కలిపేయండి, ఒక్కో పిలుపుకు కొన్ని మైక్రోసెకన్లు పోతాయి.

కొలతలో జరిగే పొరపాట్లు కూడా చెప్పాలి. కెర్నల్‌ను పిలిచిన వెంటనే అదుపు మీ ప్రోగ్రాముకు తిరిగొచ్చేస్తుంది, పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. గడియారం ఆపేముందు సింక్రనైజ్ చేయకపోతే అసాధ్యమైన వేగాలు కనిపిస్తాయి. మొదటి పిలుపులో కార్డును సిద్ధం చేసే సమయం కూడా కలిసిపోతుంది కాబట్టి రెండు మూడు సార్లు ఊరికే నడిపి, తర్వాత కొలవండి.

ప్రశ్న: నా ప్రాసెసర్లో 8 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు. లూపును 16 థ్రెడ్లకు పంచినా, 8 పెద్ద కోర్లకే ఇచ్చినా సమయం దాదాపు ఒకటే. మిగతా 8 కోర్లు ఉత్తవేనా?

జవాబు: ఉత్తవి కావు, మీరు పంచిన తీరు వాటికి సరిపడలేదు. చిన్న కోరు వేగం పెద్దదానిలో సగం అనుకోండి. మొత్తం పని 160 పాళ్లు. పెద్ద కోరు మిల్లీసెకనుకు ఒక పాలు, చిన్నది అర పాలు చేస్తుంది. 16 సమాన వాటాలు వేస్తే తలా 10 పాళ్లు. పెద్దవి 10 మిల్లీసెకన్లలో ముగించి కూర్చుంటాయి. చిన్నవి 20 తీసుకుంటాయి, లూపు చివర అందరూ కలిసేదాకా ఎవరూ కదలరు. సమయం 20. పని మొత్తం 8 పెద్ద కోర్లకే ఇస్తే తలా 20 పాళ్లు, సమయం మళ్లీ 20. ఎక్కడి గొంగళి అక్కడే!

వాటాలు ముందే కట్టేయకుండా, ఖాళీ అయిన కోరు తర్వాతి ముక్కను అందుకునేలా చేస్తే 160ని 12తో భాగించినంత, అంటే 13.3 మిల్లీసెకన్లు. లూపులను కోర్లకు పంచే ఓపెన్‌ఎమ్‌పీ వాడుతుంటే షెడ్యూలును స్టాటిక్ నుంచి డైనమిక్‌కు మార్చండి. ముక్క పరిమాణం ముఖ్యం: థ్రెడ్డుకు పదీ ఇరవై ముక్కలు వచ్చేలా చూసుకోండి. మరీ చిన్నవైతే ముక్కలు అందుకోవడంలోనే పోటీ మొదలవుతుంది, మరీ పెద్దవైతే చివరి ముక్క చిన్న కోరు చేతిలో పడి అందర్నీ ఆపుతుంది.

కోర్లు భిన్నంగా ఉంటే వేగమే కాదు, ఇంకా లోతైన చిక్కులొస్తాయి. ఇంటెల్ 2021లో తెచ్చిన ఆల్డర్ లేక్‌లో పెద్ద కోర్లకు ఒకేసారి 512 బిట్ల మీద పనిచేసే ఏవీఎక్స్-512 సూచనలు తెలుసు, చిన్న కోర్లకు తెలియవు. ఆ సూచనలు వాడే థ్రెడ్డు మధ్యలో చిన్న కోరుకు మారితే ప్రోగ్రాము కూలిపోతుంది. అందుకే పెద్ద కోర్లలో ఉన్న ఆ సామర్థ్యాన్నే కట్టేయాల్సి వచ్చింది. 2016లో శాంసంగ్ ఎగ్జినోస్ 8890 చిప్పున్న ఫోన్లలో, .నెట్ ప్రోగ్రాములను నడిపే మోనో రన్‌టైము అంతుపట్టకుండా పడిపోతుండేది. పెద్ద కోర్లలో కాష్ లైను 128 బైట్లు, చిన్నవాటిలో 64. పెద్ద కోరు మీద ఉన్నప్పుడు కొలత తెలుసుకుని దాచుకున్న ప్రోగ్రాము, చిన్న కోరు మీద కాష్‌ను శుభ్రం చేసేటప్పుడు ఒక లైను విడిచి ఒక లైను దాటేసింది. మిగిలిపోయిన పాత కోడు నడిచి ప్రోగ్రాము కూలింది. కోరు గుణాన్ని ఒకసారి అడిగి దాచుకునే కోడు ఎక్కడ కనిపించినా అనుమానించండి.

ప్రశ్న: 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కల) ఎన్‌పీయూ ఉన్న ల్యాప్‌టాప్‌లో 700 కోట్ల పరామితుల భాషా నమూనాను నడుపుతున్నాను. జవాబు వచ్చే వేగం సీపీయూతో పోలిస్తే పెద్దగా మారలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం లేదు, మెమరీ దారి ఇరుకు. 4 బిట్లకు కుదించిన ఆ నమూనా స్కేలు విలువలతో కలిపి సుమారు 4 జీబీ. ఒక్కో టోకెను (మాట ముక్క) రాయడానికి ఆ 4 జీబీనీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. రెండు చానళ్ల డీడీఆర్5-5600 మెమరీ కాగితం మీద సెకనుకు 89.6 జీబీ ఇస్తుంది. భాగించండి: సెకనుకు 22 టోకెన్లు, అదీ ఏ నష్టమూ లేకపోతే. సీపీయూ, జీపీయూ, ఎన్‌పీయూ మూడూ ఆ ఒక్క మెమరీ మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఎవరు చదివినా హద్దు అదే. మెమరీ ఒకే కడ్డీగా ఉంటే రెండో చానలు ఖాళీగా ఉండి వేగం సగమవుతుంది, ముందు అది చూసుకోండి.

ఎన్‌పీయూ ఉపయోగం వేరే చోట తెలుస్తుంది. పొడవైన ప్రశ్ననో పత్రాన్నో చదువుకునే దశలో వందల టోకెన్లు ఒకేసారి వెళ్తాయి, చదివిన ప్రతి బరువూ వందలసార్లు ఉపయోగపడుతుంది. అక్కడ తొలి టోకెను వచ్చే సమయం తగ్గుతుంది. బ్యాటరీ కూడా నిలుస్తుంది.

ఇక టాప్స్ అంకె విషయం. గుణించి కూడే యూనిట్ల సంఖ్య × 2 × ఫ్రీక్వెన్సీ, ఇంతే సూత్రం. పైన చెప్పిన టీపీయూకి వేసి చూడండి: 65,536 × 2 × 70 కోట్లు, 92 వస్తుంది. ఇది అన్ని గళ్లూ క్షణం ఖాళీ లేకుండా పనిచేస్తే వచ్చే అంకె. అది 8 బిట్లకా 4 బిట్లకా, ప్రతి నాలుగు బరువుల్లో రెండు సున్నాలన్న షరతుతో రెట్టింపు చేసిందా అన్నది అడక్కుండా రెండు చిప్పులను పోల్చవద్దు. మీ నమూనాలో ఎన్‌పీయూకి తెలియని ఆపరేషను ఒక్కటున్నా గ్రాఫు (ఆపరేషన్ల అల్లిక) అక్కడ తెగి సీపీయూకి వెళ్లి వస్తుంది. అలా తెగే చోట్లు పదిపదిహేను ఉంటే మొత్తం సీపీయూ మీదే నడపడం వేగంగా ఉండవచ్చు. రన్‌టైము లాగ్‌లో గ్రాఫు ఎన్ని ముక్కలైందో చూడండి. ఇన్‌పుట్ కొలతలను స్థిరంగా పెట్టి మళ్లీ కంపైల్ చేస్తే చాలాసార్లు ముక్కలు తగ్గుతాయి.

ప్రశ్న: 16 బిట్ల దశాంశ రూపం బీఫ్లోట్16లో ఒకట్లు కూడుతూ పోతే 256 దగ్గర ఆగిపోతోంది. హార్డ్‌వేర్ చెడిందా?

జవాబు: చెడలేదు. ఆ రూపంలో ఘాతానికి 8 బిట్లు, భిన్నానికి 7 బిట్లే. దాగిన ఒకటితో కలిపి 8 బిట్ల కచ్చితత్వం. 256 దాటితే పక్క అంకె 258, మధ్యలో 257 లేదు. 256కు ఒకటి కలిపితే సరిసంఖ్య వైపు సవరించుకుని మళ్లీ 256 అవుతుంది. ఇంకో 16 బిట్ల రూపం ఎఫ్‌పీ16లో ఇదే ఘటన 2,048 దగ్గర జరుగుతుంది, పైగా దాని గరిష్ఠ విలువ 65,504 కాబట్టి పొంగిపోయే ప్రమాదం అదనం. గుణించేవి 16 బిట్లలో ఉన్నా మొత్తాన్ని 32 బిట్లలో పోగుచేయండి. మాత్రిక యూనిట్లు సాధారణంగా ఆ సదుపాయం ఇస్తాయి, మీరు చేత్తో రాసిన లూపే ఇవ్వదు.

ప్రశ్న: హార్డ్‌వేర్ ఎన్‌కోడరుతో వీడియో త్వరగా తయారవుతోంది గానీ ఫైలు పెద్దదవుతోంది. ఎందుకు?

జవాబు: కుదింపు నాణ్యత అంతా వెతుకులాటలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడరు నెమ్మది ప్రీసెట్‌లో బ్లాకును ఎన్నో రకాలుగా చీల్చి చూసి, కదలికను దూరందాకా వెతికి చవకైనదాన్ని ఎంచుకుంటుంది. హార్డ్‌వేర్ విభాగం ఒక్కో బ్లాకుకు ఇన్ని క్లాకులే అన్న నియమంతో కట్టింది, వెతుకులాట హద్దు సిలికాన్‌లోనే స్థిరపడింది. ప్రత్యక్ష ప్రసారానికీ వీడియో కాల్‌కూ అది వాడండి. ఒకసారి తయారుచేసి లక్షసార్లు పంపే వీడియోకు సాఫ్ట్‌వేర్ పద్ధతే లాభం.

ప్రశ్న: పెద్ద చిప్పును చిప్లెట్లుగా (చిన్న ముక్కలుగా) చీలిస్తే దిగుబడి (పనికొచ్చేవాటి శాతం) పెరుగుతుందంటారు. ఎనిమిది ముక్కలూ బాగుండాలి కదా, లాభం ఎక్కడ?

జవాబు: చాలామంది దాటేసే చోట మీరు ఆగారు. చదరపు సెంటీమీటరుకు 0.1 లోపం అనుకుందాం. 800 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిప్పు మంచిదయ్యే అవకాశం సుమారు 45 శాతం. 100 చదరపు మిల్లీమీటర్ల ముక్కకు 90 శాతం. కానీ గుడ్డిగా ఎనిమిది ముక్కలు తీసి అతికిస్తే అన్నీ మంచివయ్యే అవకాశం మళ్లీ అదే 45. లాభమంతా అతికించకముందే ఒక్కో ముక్కనూ పరీక్షించి చెడ్డవాటిని ఏరేయడంలో ఉంది. ఆ పరీక్ష బలహీనమైతే ఒక చెడ్డ ముక్క ఏడు మంచివాటిని వెంట తీసుకుపోతుంది.

రెండో లాభం, ఏ భాగాన్ని ఏ తరంలో చేయాలో ఎంచుకోవచ్చు. ఏఎమ్‌డీ 2019లో తెచ్చిన రెండో తరం సర్వర్ ప్రాసెసరు ఎపిక్‌లో లెక్కల ముక్కలు 7 నానోమీటర్లలో, బయటి ప్రపంచంతో మాట్లాడే ముక్క 14లో చేశారు. కుదించినా పెద్దగా చిన్నబడని సర్క్యూట్లకు ఖరీదైన తరం దండగ. లితోగ్రఫీ యంత్రం ఒక్క దెబ్బకు అచ్చువేసే జాగా 26 × 33 మిల్లీమీటర్లే అన్నది ఇంకో బలవంతం. నష్టమూ ఉంది: ముక్క నుంచి ముక్కకు దాటే ప్రతి బిట్టుకూ శక్తీ సమయమూ అదనం. ఒక థ్రెడ్డు రాసినదాన్ని ఇంకో ముక్కలోని థ్రెడ్డు పదేపదే చదువుతుంటే రెంటినీ ఒకే ముక్క కోర్లకు కట్టి చూడండి.

ప్రశ్న: ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్పు) మీద సీ భాష నుంచి హార్డ్‌వేర్ తయారుచేస్తున్నాను. దశాంశ అంకెల మొత్తం కట్టే లూపుకు పైప్‌లైన్ ఆదేశం (ఒకటి ముగియకముందే తర్వాతిది మొదలెట్టమని) ఇచ్చినా ప్రతి 4 క్లాకులకు ఒక అంకే తీసుకుంటోంది.

జవాబు: మీ సర్క్యూట్లో దశాంశ కూడికకు 4 క్లాకులు పడుతోందని అర్థం. కొత్త కూడికకు పాత మొత్తం కావాలి, అది వచ్చేదాకా ఆగాల్సిందే. ఏ ఆదేశమూ ఈ ముడిని విప్పలేదు. ఒక మొత్తానికి బదులు నాలుగు పెట్టుకుని, అంకెలను వంతులవారీగా వాటిలో వేయండి. చివర నాలుగింటినీ కలపండి. 1,000 అంకెలకు 4,000 క్లాకులు పట్టేది వెయ్యి చిల్లరకు దిగుతుంది. కూడే వరుస మారుతుంది కాబట్టి చివరి అంకెల్లో చిన్న తేడా రావచ్చు, పరీక్షలో అచ్చంగా సమానత అడగవద్దు. విలువల పరిధి ముందే తెలిస్తే స్థిరబిందు (బిందువు చోటు మారని) అంకెలకు మారండి, పూర్ణాంక కూడిక సాధారణంగా ఒక్క క్లాకులో పడుతుంది.

తర్వాత మీరు ఒకేసారి ఎనిమిది అంకెలు తీసుకునేలా లూపును ఎనిమిదింతలు విప్పబోతారు, అప్పుడు ఇంకో అడ్డు వస్తుంది. చిప్పులోని ఒక్కో చిన్న మెమరీ బ్లాకుకు (బ్లాక్ ర్యామ్) రెండే ద్వారాలు. అంకెలన్నీ ఒకే బ్లాకులో ఉంటే క్లాకుకు రెండే చదవగలరు, ఎనిమిదింటికి నాలుగు క్లాకులు. అర్రేను ఎనిమిది బ్లాకులుగా విడదీసే ఆదేశం కూడా ఇవ్వండి, వరుస అంకెలు వేర్వేరు బ్లాకుల్లో పడేలా సైక్లిక్ పద్ధతి ఎంచుకోండి. వరుసగా ముక్కలు కోసే బ్లాక్ పద్ధతి పెడితే పక్కపక్క అంకెలు మళ్లీ ఒకే బ్లాకులో చేరి, విడదీసిన ఫలం దక్కదు.